గోదావరి పాయల్లో, దేవాంగ పిల్లిని తలచుకుంటూ

గురువారం, ధవళేశ్వరం

దేవాంగ పిల్లి ఎక్కడెక్కడ ఉంటుందో చెప్పే పుస్తకాలు శ్రీలంకలో మొదలుపెట్టి, దక్షిణ భారతం మీదుగా పైకి వచ్చి, రెండు నదుల దగ్గర ఆగుతాయి. పడమట తపతి, తూర్పున గోదావరి. ఆ గోదావరి గీత చాలాకాలంగా నా మనసులో ఉంది. నేను ఉండేది తిరుపతిలో. శేషాచలం అడవుల అంచున చీకటి పడ్డాక ఈ జంతువును వెతుక్కుంటూ తిరగడం నాకు అలవాటు. దాని లోకానికి ఉత్తరపు హద్దు అనిపించుకున్న నది, సముద్రం దగ్గర పడ్డాక ఎలాంటి నేలను తయారు చేసిందో ఆ జంతువును దృష్టిలో పెట్టుకుని చూడాలనిపించింది. డెల్టాలో అది కనబడుతుందని రాలేదు. ఇది దాని నేల కాదు. ఎందుకు కాదో నడిచి చూద్దామని వచ్చాను.

ఎప్పుడూ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. కోతులకూ మనకూ దూరపు చుట్టం ఇది. పావు కిలో అటూ ఇటూగా తూగుతుంది. తోక లేదన్నట్టే ఉంటుంది. ఒంటికి బూడిదరంగు బొచ్చు, సన్నటి పొడవాటి కాళ్లూ చేతులూ, ముఖంలో సగం కళ్లే. పగలంతా పొదలో ముడుచుకుని పడుకుంటుంది, చీకటి పడ్డాక బయల్దేరుతుంది. శాస్త్రీయ నామం లోరిస్ లిడెకెరియానస్. 1908లో స్పెయిన్ జంతు శాస్త్రవేత్త ఆంహెల్ కబ్రేరా, ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త రిచర్డ్ లిడెకర్ పేరు మీద పెట్టాడు. దీని దగ్గరి చుట్టం ఎర్ర దేవాంగ పిల్లి శ్రీలంకలో మాత్రమే ఉంది. మన ఈశాన్య రాష్ట్రాల్లో ఉండే స్లో లోరిస్ వేరే జాతి. ఇంకాస్త దూరపు బంధువులు ఆఫ్రికాలో ఉన్నాయి. అక్కడి బుష్‌బేబీలు ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టుకు బాణంలా దూకుతాయి. మన దేవాంగ పిల్లికి దూకడం రాదు. నేను ఈ యాత్రంతా తల్లో పెట్టుకుని తిరిగింది ఈ ఒక్క విషయాన్నే.

రాజమండ్రిలో రైలు దిగి, టిఫిన్ చేసి, ఆటోలో ధవళేశ్వరం వచ్చేసరికి ఎండ ఎక్కింది. ఫిబ్రవరి కాబట్టి భరించేలా ఉంది. కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది తర్వాత కట్టిన బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు, వాటి మధ్య లంకలు. మహారాష్ట్రలో త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే గోదావరి, సముద్రం ఇంకెంతో దూరం లేదనగా ఇక్కడ గౌతమిగా, వశిష్ఠగా చీలిపోతుంది.

ఆ చీలికను చూస్తూ నిలబడితే నాకు దేవాంగ పిల్లి చేతులే గుర్తొచ్చాయి. దాని భుజం నుంచి కిందికి వచ్చే రక్తనాళం ఒకటిగా రాదు. ఇదిగో ఈ గోదావరిలాగే సన్నటి పాయలుగా చీలి పక్కపక్కనే ప్రవహిస్తుంది. కాళ్లలోనూ అంతే. కొమ్మను పట్టుకుని గంటల తరబడి కదలకుండా ఉన్నా పట్టు సడలకపోవడానికి, కండరం అలసిపోకపోవడానికి ఈ ఏర్పాటు తోడ్పడుతుందని జీవశాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. మనం బస్సులో పైన కమ్మీ పట్టుకుని పది నిమిషాలు నిలబడితే చెయ్యి లాగేస్తుంది. అది రెండు కాళ్లతో కొమ్మను పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ, ఖాళీగా ఉన్న రెండు చేతులతో పురుగును ఒడిసి పట్టి, అక్కడే తినేస్తుంది. దాని చూపుడు వేలు బాగా కురచ. బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య ఎడం పెరిగి, కొమ్మ మీద పట్టు పట్టకారులా బిగుస్తుంది. దూకడం వదులుకున్న జంతువుకు దక్కినది ఈ పట్టు.

దూకలేని జంతువు నదిని ఎలా దాటుతుంది? ఇంత వెడల్పు నీటికి అవతల ఉన్న అడవి దానికి ఇంకో దేశం కిందే లెక్క. పుస్తకాల్లో ఆ గీత గోదావరి దగ్గరే ఎందుకు ఆగిందో ఇక్కడ నిలబడితే అర్థం చేసుకోవడం కష్టం కాదు.

శుక్రవారం, అంబాజీపేట దగ్గర

రావులపాలెం దాటాక రోడ్డుకు రెండు వైపులా దాళ్వా చేలు. నాట్లు పడి కొన్నాళ్లయింది, పచ్చదనం ఇప్పుడిప్పుడే చిక్కబడుతోంది. గట్ల మీద అక్కడొకటి ఇక్కడొకటి తాడిచెట్టు. కోనసీమ అందాన్ని నేను చిన్నప్పటి నుంచీ ప్రేమిస్తూనే ఉన్నాను. మా అమ్మ పుట్టిల్లు ఇక్కడే. కానీ ఈసారి బస్సు కిటికీలోంచి చూస్తుంటే ఒకే ప్రశ్న. ఈ తాడిచెట్టు నుంచి ఆ తాడిచెట్టుకు, నేల మీద అడుగు పెట్టకుండా, దూకకుండా, వెళ్లే దారి ఉందా? లేదు. దేవాంగ పిల్లి నేల మీద నడవలేదని కాదు, నడుస్తుంది. అవసరమైతే రోడ్డు కూడా దాటుతుంది. కాని అలా దాటేటప్పుడే కుక్కల పాలవుతుంది, బండ్ల కింద పడుతుంది. కరెంటు తీగను కొమ్మ అనుకుని పట్టుకున్నప్పుడు ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

పి.గన్నవరం దగ్గర దిగి అక్విడెక్టు మీద కాసేపు నడిచాను. కింద వైనతేయ పాయ, పైన కాలవ. నదిని తాకకుండా నది మీదుగా నీళ్లు అవతలి లంకకు వెళ్లిపోతున్నాయి. నూట డెబ్బై ఏళ్ల కిందట ఇక్కడివాళ్లు నీటికి వంతెన కట్టారు. అడవుల్లో రోడ్లు వేసినప్పుడు చెట్ల మీద బతికే జంతువులకు తాళ్లతో, వెదురుతో పైనుంచి దారులు కట్టడం ఇప్పుడు చాలా దేశాల్లో చేస్తున్నారు. కట్టాలనుకుంటే అదేం పెద్ద విద్య కాదు. ఈ అక్విడెక్టు ముందు అది పిల్లల పని.

మామయ్య వాళ్ల ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. అత్తయ్య పనసపొట్టు కూర చేసింది. భోజనాలయ్యాక పెరట్లో మడత మంచం వేసుకుని కూర్చున్నాం.

"ఏమ్మా, పిల్లి కోసం తిరుపతి నుంచి వచ్చావా? మా తోటలో ఉందిగా" అన్నాడు మామయ్య.

"అది మానుపిల్లి మామయ్యా. నేను చెప్పేది వేరు."

"రాత్రిళ్లు కొబ్బరి మట్టల్లో తిరుగుతుంది, కళ్లు మెరుస్తాయి. అదే కదా?"

డెల్టాలో ఎవరిని అడిగినా ఇదే జవాబు వచ్చింది. అందులో ఆశ్చర్యం లేదు. ఇక్కడ రాత్రిపూట చెట్టెక్కే జంతువంటే మానుపిల్లే. దానికి పొడవాటి తోక ఉంటుంది, మూతి సాగి ఉంటుంది, పండ్లంటే ప్రాణం. తాడిచెట్టు మీద కల్లు ముంతలో కూడా మూతి పెడుతుందని కల్లు గీసే ఆయన ఒకాయన మధ్యాహ్నం చెప్పాడు. దేవాంగ పిల్లి మాత్రం పండ్ల జోలికి పెద్దగా పోదు. దాని తిండిలో ఎక్కువ భాగం పురుగులే. చీమలు, చెదలు, పేడపురుగులు, మిడతలు, అప్పుడప్పుడు చిన్న బల్లి. తుమ్మ జాతి చెట్ల బంక కూడా నాకుతుంది. మిగతా జంతువులు ముట్టని ఘాటు పురుగులను కూడా తినేస్తుంది. కుట్టే చీమల పుట్టలో చెయ్యి పెట్టి తింటూ, తుమ్ముతూ, చొంగ కారుస్తూ, అయినా వదలకుండా తింటుంది. మధ్యమధ్యలో తన మూత్రంతోనే చేతులూ కాళ్లూ తడుపుకుంటుంది. వాసనతో తన దారి తెలియజేయడానికా, పట్టు జారకుండా ఉండటానికా, కుట్టిన మంట తగ్గడానికా అని పరిశోధకులు రకరకాలుగా చెబుతారు. మూడూ కలిసి ఉండొచ్చని నాకనిపిస్తుంది.

"మరి పురుగులు తినే జంతువైతే తోటలకి మంచిదే కదా" అంది అత్తయ్య. అంతసేపు మాట్లాడినా నా నోట రాని మాట అది.

తోట గురించి మాట్లాడుతుంటే మామయ్య 1996 తుఫాను దగ్గరికి వెళ్లాడు. నవంబరు 6. కోనసీమలో ఆ తేదీ చెప్పగానే ఏడాది అడగక్కర్లేదు. వెయ్యి మందికి పైగా చనిపోయారు, కొబ్బరి చెట్లు లక్షల్లో కూలిపోయాయి. "మన తోటలో అప్పుడు రెండు పనసలు, ఒక పెద్ద చింత, నేరేడు, గట్టున కానుగలు ఉండేవమ్మా. పొద్దున్న లేచి చూస్తే ఆకాశమే. ఏ చెట్టూ లేదు. మళ్లీ వేసేటప్పుడు కొబ్బరే వేశాం. అప్పులున్నాయి, ఇంకేం వేస్తాం?"

ఆయన తప్పేమీ లేదు. కొబ్బరి ఇంటిని నిలబెట్టింది. కానీ ఆ మాట విన్నాక తోటను ఇంకోలా చూశాను. కొబ్బరి మొక్కకూ మొక్కకూ ఇరవై అయిదు అడుగుల ఎడం. పైన మట్టలు ఒకదానికొకటి తగులుతాయి, నిజమే. కింద మాత్రం నున్నటి లావుపాటి మానులు. దేవాంగ పిల్లి అరచేతికి అంత లావు మాను అందదు. దానికి కావలసింది వేలెడు మందం కొమ్మలు, వాటి మీదుగా ఇంకో చెట్టు కొమ్మలు, తీగలు, పగలు దూరి పడుకోవడానికి ముళ్లపొద. కోనసీమ తోట మనిషికి నీడనిస్తుంది. దీనికి దారినివ్వదు. కొందరు కొబ్బరి కింద కోకో వేస్తున్నారు. ఆ కోకో కొమ్మలు మాత్రం ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉన్నాయి. వాటి కింద చాలాసేపు నిలబడి చూశాను.

చీకటి పడ్డాక మా బావ కొడుకు వెంట పడ్డాడు. ఆరో తరగతి చదువుతున్నాడు. నా తలలైటుకు ఎర్ర కాగితం కట్టి ఉండటం చూసి ఎందుకని అడిగాడు. రాత్రి జంతువుల కళ్లకు తెల్ల లైటు కష్టం, ఎర్ర వెలుగుకు అవి అంతగా బెదరవు, అందుకే వీటిని చదివేవాళ్లు ఎర్ర వెలుగే వాడతారని చెప్పాను.

తోట చివర పాత పనస మోడు దగ్గర రెండు కళ్లు మెరిశాయి. మానుపిల్లి. మమ్మల్ని కాసేపు చూసి, తొందరేమీ లేనట్టు మట్టల్లోకి పోయింది. పైన పెద్ద గబ్బిలాలు అరటి పూల మీద వాలుతున్నాయి. గుడ్లగూబ ఒకటి అరిచింది.

"అత్తా, మన కళ్లు ఎందుకు మెరవవు?"

మంచి ప్రశ్న. రాత్రి జంతువుల కంట్లో వెనకవైపు ఒక పొర ఉంటుంది. లోపలికి వచ్చిన వెలుగును అది తిప్పి కొడుతుంది, దాంతో అదే వెలుగు కంటికి రెండోసారి పనికొస్తుంది. మానుపిల్లికి ఉంది, దేవాంగ పిల్లికీ ఉంది. కోతులకూ మనకూ లేదు. శేషాచలంలో లైటు వేసినప్పుడు నారింజ ఎరుపులో రెండు చుక్కలు పక్కపక్కనే, బాగా దగ్గరగా, మెల్లగా కదులుతూ కనబడితే అది దేవాంగ పిల్లి అని తెలిసిపోతుంది. దాని కళ్లు మన కళ్లలాగే ముందుకు చూస్తాయి. రెండు కళ్లతో ఒకే పురుగును చూసి, దూరం అంచనా వేసి, చెయ్యి చాపుతుంది.

"అది చెట్టు మీంచి పడిపోదా?"

చాలా అరుదు అన్నాను. కొత్త కొమ్మను చేత్తో పట్టుకుని, పట్టు కుదిరిందని తేలాకే వెనక కాలు వదులుతుంది. ఎప్పుడూ కొమ్మను వదిలి గాలిలో ఉండదు. అందుకే అలికిడి కూడా ఉండదు. ప్రమాదం అనిపిస్తే పరిగెత్తదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. ఆ చీకట్లో కదలనిదాన్ని వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో నాకు బాగా తెలుసు. కాని టార్చిలైటు పట్టుకున్న మనిషి నుంచి ఆ ఎత్తుగడ దాన్ని కాపాడదు. కన్ను మెరుస్తుంది, ఒళ్లు కదలదు. చేత్తో తీసేసుకోవచ్చు. దాని కళ్లతో మందులు చేస్తామని, వశీకరణానికి పనికొస్తుందని చెప్పి అమ్మేవాళ్లు దాన్ని ఇలాగే పట్టుకుంటారు. ఆ మాటల్లో ఒక్కటీ నిజం లేదు. ఆ జంతువు ప్రాణం పోవడం ఒక్కటే నిజం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు అది, పులితో సమానంగా. పట్టుకుంటే జైలు. వాడికి ఈ మాట గట్టిగానే చెప్పాను, మర్నాడు బళ్లో నలుగురికీ చెబుతాడని.

శనివారం, అంతర్వేది

వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. గుడికి వెళ్లి దర్శనం చేసుకుని సంగమం వైపు నడిచాను. ఇసుక, సరుగుడు తోటలు, గాలి. సరుగుడు చెట్లు వరసగా, ఒకే ఎత్తులో, ఒకే వయసులో ఉన్నాయి. అమ్ముకోవడానికి వేసిన పంట కాబట్టి ఏళ్లు నిండగానే కొట్టేస్తారు. పొద లేదు, తీగ లేదు. చెట్లున్నంత మాత్రాన అడవి కాదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన చోటు నాకు దొరకలేదు. ఎక్కువసేపు ఉండలేదు. సాయంత్రానికి అమలాపురం వచ్చేశాను.

ఆదివారం, కోరింగ

ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వంతెన దాటి యానాం, అక్కడి నుంచి తాళ్లరేవు, కోరింగ. గౌతమి ఇక్కడ విశాలంగా ఉంది. అవతలి ఒడ్డు చూడాలంటే కళ్లు చికిలించాల్సి వచ్చింది.

కోరింగ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు మడ అడవి, ఉప్పుటేర్లు, బురద. చెక్కల దారి మీద అడుగు పెట్టగానే నాకు ఊపిరి తిరిగినట్టయింది. డెల్టాకు వచ్చాక మొదటిసారి కొమ్మకు కొమ్మ తగులుతోంది. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల, పొన్న. ఒకదాని మీద ఒకటి పడి పైన పందిరిలా అల్లుకున్నాయి. కింద బురదలోంచి వేలాది శ్వాసవేర్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఉప్పు బురదలో గాలి ఆడదు కాబట్టి ఈ వేర్లే చెట్టుకు గాలిని అందిస్తాయి. తిల్ల చెట్టును ముట్టుకోవద్దని మాతో వచ్చిన పడవాయన ముందే చెప్పాడు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుంది.

చూడ్డానికి దేవాంగ పిల్లికి కావలసిన దారులన్నీ ఇక్కడ ఉన్నాయి. అయినా ఇది దాని ఇల్లు కాదు. మన వైపు అది ముళ్ల చిట్టడవుల్లో, ఆకురాలే అడవుల్లో ఉంటుంది. తుమ్మ, రేగు, జెముడు, వెదురు ఉన్న చోట. తడి అడవుల్లో ఉండే దాని ఉపజాతి పడమటి కనుమల్లో ఉంది. ఇక్కడికి దగ్గరలో ఉన్న కొండలకూ ఈ మడ అడవికీ మధ్య మొన్నటి నుంచి నేను చూస్తూ వచ్చిన చేలూ ఊళ్లూ రోడ్లూ ఉన్నాయి. కొమ్మల దారి ఎక్కడా లేదు.

పోటు మీద ఉన్నప్పుడు పడవెక్కాం. పడవాయన యాభై దాటిన మనిషి, చిన్నప్పటి నుంచి ఈ ఏర్లలోనే.

"రాత్రిపూట ఏం తిరుగుతాయండీ ఇక్కడ?"

"బావురు పిల్లి తిరుగుద్దమ్మా. నీటికుక్కలు గుంపుగా వస్తాయి. నక్కలుంటాయి. బావురు పిల్లిని నేను చూశాను, ఏటి ఒడ్డున కూర్చుని నీళ్లలోకే చూస్తా ఉంటది. చేప పైకి రాగానే చెయ్యి వేసేస్తది."

బావురు పిల్లికి కోరింగ దేశంలోనే మంచి ఆశ్రయాల్లో ఒకటి. ఒంటికి రెండు పొరల బొచ్చు ఉంటుంది, లోపలి పొర దట్టంగా ఉండి నీళ్లను చర్మం దాకా రానివ్వదు. ఈదుతుంది, మునుగుతుంది. ఆలోచిస్తుంటే నాకు ఎంతో ఆనందంగా అనిపించింది. అదే చీకట్లో, అదే రాష్ట్రంలో, రెండు రాత్రి జంతువులు. ఒకదానికి దారి బురద, ఇంకోదానికి దారి కొమ్మ. ఒకటి కూర్చుని చేప కోసం చూస్తుంది, ఇంకోటి వేలాడుతూ చీమ కోసం చూస్తుంది. రెండింటికీ కావలసింది మాత్రం ఒకటే, దారి మధ్యలో తెగకూడదు.

కొంత దూరం వెళ్లాక పడవాయన ఒక చోట చూపించాడు. పాడైపోయిన మడ అడవిని మళ్లీ పెంచడానికి కాలవలు తవ్వారు. మధ్యలో పెద్ద కాలవ, దానికి రెండు వైపులా చేప ముల్లులా ఏటవాలుగా చిన్న కాలవలు. పోటు నీళ్లు ఆ కాలవల్లోంచి లోపలికి వెళ్తాయి, పాటుకు వెనక్కి వస్తాయి. నీళ్లు కదలని చోట ఉప్పు పేరుకుని మడ చచ్చిపోతుంది, నీళ్లు తిరగడం మొదలైతే మొక్క నిలుస్తుంది. తవ్విన చోట ఇప్పుడు తలెత్తు దాటిన మడలు ఉన్నాయి. అడవిని తిరిగి తేవడమంటే మొక్కలు నాటడం ఒక్కటే కాదు, తెగిన దారిని కలపడం కూడా అని ఆ కాలవలను చూస్తే తెలుస్తుంది. శేషాచలం చుట్టుపక్కల మేం నలుగురం మాట్లాడుకునేది ఇదే విషయం, అక్కడ నీళ్ల బదులు కొమ్మలు.

సాయంత్రం ఒడ్డున టీ తాగుతుంటే పడవాయన భార్య అడిగింది, ఆ జంతువుకు పిల్లలెన్ని పుడతాయని. ఒకటి లేదా రెండు, కవలలు మామూలే అన్నాను. ఎన్ని నెలలు మోస్తుందంది. సుమారు అయిదున్నర నెలలు. ఆమె నమ్మలేదు. "పిడికెడంత జంతువుకి అన్ని నెలలా?" ఎలుక మూడు వారాల్లో ఈనుతుంది మరి. దేవాంగ పిల్లి ఒంటికి చిన్నదే గాని బతుకు తీరులో మన జాతిది. నెమ్మదిగా పెరుగుతుంది, పిల్లలను ఎక్కువకాలం చూసుకుంటుంది. అందుకే ఒక చోట నాలుగు జంతువులు పోతే ఆ ఖాళీ ఏళ్ల తరబడి పూడదు.

మొదటి కొన్ని వారాలు పిల్ల తల్లి పొట్టను కరిచిపెట్టుకుని ఉంటుంది. తర్వాత తల్లి చీకటి పడగానే పిల్లను ఒక కొమ్మ మీద వదిలి మేతకు పోతుంది. తెల్లవారేలోపు వచ్చి తీసుకెళ్తుంది. తమిళనాడులో దిండిగల్ దగ్గర అయ్యలూరు అడవుల్లో వీటిని ఏళ్లపాటు చూసిన పరిశోధకులు ఒక ముచ్చట రాశారు. తల్లి లేనప్పుడు మగవి ఆ కొమ్మ దగ్గరికి వచ్చి పిల్లలతో ఆడతాయి, వాటి ఒళ్లు నాకి శుభ్రం చేస్తాయి. ఒంటరి జంతువు అనుకున్నదానికి ఇంత సంసారం ఉంది. పగలు ఆడ, మగ, పిల్లలు ఒకే పొదలో ఒకరినొకరు పట్టుకుని పడుకుంటాయి. కింది పళ్లు దువ్వెనలా ముందుకు ఉంటాయి, కాలి రెండో వేలికి గోరు బదులు చిన్న గోటి కొక్కెం ఉంటుంది. రెండూ బొచ్చు దువ్వుకోవడానికే.

"అయితే కొమ్మ మీద ఒంటరిగా పిల్ల కనబడితే తల్లి వదిలేసిందనుకోకూడదన్నమాట" అందామె. మా వైపు ఎంతమందికి చెప్పినా అర్థం కాని సంగతి ఇది. జాలితో ఇంటికి తెచ్చేవాళ్లే ఎక్కువ. ఇంట్లో పాలు పట్టిన పిల్ల బతకడం అరుదు. తెల్లవారేదాకా దాన్ని అక్కడే ఉండనిస్తే తల్లే వచ్చి తీసుకెళ్తుంది.

రాత్రి కాకినాడలో బస. నిద్ర పట్టక తమిళనాడు గురించి ఆలోచిస్తూ పడుకున్నాను. 2022లో అక్కడి ప్రభుత్వం కరూరు, దిండిగల్ జిల్లాల్లో కడవూరు దేవాంగ పిల్లి అభయారణ్యాన్ని ప్రకటించింది. 11,806 హెక్టార్లు. ఈ జంతువు కోసమే ఏర్పాటైన అభయారణ్యం దేశంలో అదే మొదటిది. బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలో ఇవి ఇప్పటికీ ఉన్నాయి, అంత ఊరి మధ్యలో, అక్కడి పాత చెట్లు కొమ్మా కొమ్మా కలుపుకుని నిలబడ్డాయి కాబట్టి. పెద్ద అడవే ఉండాలని లేదు. అతుకు తెగకుండా ఉంటే చాలు. మన రాష్ట్రంలో కూడా దీని పేరు మీద ఒక చోటు ఉండాలని నేను కోరుకుంటున్నాను, మొహమాటం లేకుండా ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను.

సోమవారం, కడియం

ద్రాక్షారామంలో ఆగి, రామచంద్రపురం మీదుగా కడియం. మైళ్ల పొడవున నర్సరీలు. రోడ్డు పక్క పూలమొక్కలు, అలంకారపు తాళజాతి చెట్లు, ఎక్కడెక్కడి ఊళ్లకో వెళ్లే లారీలు. నిన్న రాత్రే మామయ్యకు ఫోన్ చేసి అడిగాను, తోట వెనక కాలవ గట్టు మీద ఒకప్పుడు చెట్లు ఉన్న జాగా నాకిస్తావా అని. "నీది కానిదేముందమ్మా, వేసుకో" అన్నాడు. ఆ గట్టు కోకో తోట దాకా పోతుంది, అటు నుంచి గుడి దగ్గరి రావిచెట్టు దాకా. అక్కడ దేవాంగ పిల్లి రాదు, ఆ ఆశ నాకు లేదు. మానుపిల్లి ఉంది, గబ్బిలాలున్నాయి, ఉడతలున్నాయి, పేరు తెలియని పిట్టలున్నాయి. 1996లో తెగిన దారి వాటికి కూడా తెగింది.

నర్సరీ ఆయన పెద్ద పెద్ద కుండీల్లో ఉన్న విదేశీ మొక్కలు చూపించాడు. నాకు కానుగ, నేరేడు, చింత, రావి, రేగు కావాలన్నాను. ఆయన కాస్త ఆశ్చర్యపోయి లోపలి వరసల్లోకి తీసుకెళ్లాడు. అన్నీ ఉన్నాయి, అడిగేవాళ్లే తక్కువట. గట్టు పొడవు చెప్పి లెక్క వేయమన్నాను.

"చింతకీ నేరేడుకీ ఇరవై అయిదు అడుగులు ఎడం ఉండాలండి. లేకపోతే కొమ్మలు కలిసిపోతాయి" అన్నాడు.

"కలవాలనేనండీ. పది అడుగులకొకటి లెక్క వేయండి, మధ్యలో రేగు."

ఆయన నవ్వి కాగితం మీద మళ్లీ లెక్క వేశాడు. మొక్కలు బుధవారం అంబాజీపేట ఆటోలో పంపుతానన్నాడు. వేసవి దాటేదాకా కాలవ నీళ్లు పోయించే పని మామయ్య ఒప్పుకున్నాడు. వారానికోసారి ఫోటో పంపే పని మా బావ కొడుకుది.